అటుకులు బియ్యమేనా? చట్టంలో మాట తేలనప్పుడు జడ్జి ఏ వరుసలో చూడాలి

జేసీజే_అభ్యర్థి (ప్రశ్న)

జూనియర్ సివిల్ జడ్జి మెయిన్స్‌కి చట్టాల అన్వయం చదివేటప్పుడు సూత్రాలు విడివిడిగా బాగానే అర్థమవుతాయి. అక్షరార్థం, గోల్డెన్ రూల్ (అక్షరార్థం అసంబద్ధంగా తేలితే సర్ది చదవడం), మిస్చీఫ్ రూల్ (చట్టం ఏ లోటు తీర్చడానికి వచ్చిందో చూడటం), ఎజుస్డెమ్ జెనెరిస్ (జాబితా చివరి 'ఇతర'ని ముందున్న పేర్ల జాతికే పరిమితం చేయడం), ఒక్కోదాని కింద రెండేసి కేసులు. తీర్పుల్ని పక్కపక్కన పెట్టినప్పుడే ముడి పడుతోంది.

అల్లాడి వెంకటేశ్వర్లు కేసు (1978) తీసుకోండి. ఆంధ్రప్రదేశ్ జనరల్ సేల్స్ ట్యాక్స్ చట్టం కింద అటుకులు, మరమరాలు 'బియ్యమే' అంది సుప్రీంకోర్టు. రాజస్థాన్ రోలర్ ఫ్లోర్ మిల్స్ కేసులో (1993) అదే కోర్టు గోధుమపిండి, మైదా, రవ్వ 'గోధుమలు' కావంది. వడ్లను వేయించి దంచితే బియ్యమేనట, గోధుమల్ని మర ఆడిస్తే మాత్రం గోధుమలు కావట.

గడువుల సంగతీ అంతే. సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 8 రూల్ 1లో రిటన్ స్టేట్‌మెంట్‌కి (ప్రతివాది రాతపూర్వక జవాబుకి) 90 రోజులు మించకూడదని ఉంది, అయినా కోర్టు తర్వాత కూడా తీసుకోవచ్చన్నారు. వినియోగదారుల చట్టంలో ఫిర్యాదుకి జవాబు 45 రోజులు దాటితే ఒక్క రోజు కూడా కుదరదన్నారు. రెండుచోట్లా చదవడానికి భాష ఇంచుమించు ఒకటే.

ఇంతకీ జడ్జి ముందు సూత్రం ఎంచుకుని దాన్నిబట్టి అర్థం చెబుతారా, లేక అర్థం తేల్చుకున్నాక దానికి సరిపోయే సూత్రం తగిలిస్తారా? అసలు చూడాల్సిన వరుస అంటూ ఒకటి ఉందా? వృత్తిలో ఉన్నవాళ్లు కాస్త వివరంగా చెప్పగలరు.

---

బేర్‌యాక్ట్

'ఏ సూత్రం వాడాలి' అని మొదలుపెట్టడమే చాలామంది జవాబుల్లో కనిపించే పొరపాటు. సూత్రాల అవసరం చివర్లో వస్తుంది, చాలా కేసుల్లో అసలు రాదు. అంతకు ముందు బేర్ యాక్ట్ (వ్యాఖ్యానం లేని చట్టం పాఠం) దగ్గర పెట్టుకుని చేయాల్సిన పని కొంత ఉంటుంది. ఆ పని చేయకుండా మిస్చీఫ్ రూల్ పేరుతో హేడన్స్ కేసు రాసేస్తే మార్కులూ రావు, కోర్టులో వాదనా నిలవదు.

ముందుగా ఆ మాటకి సెక్షన్ 2లో నిర్వచనం ఉందేమో చూడాలి. ఉంటే అక్కడి క్రియ చూడండి. 'మీన్స్' అంటే తలుపు మూసేసినట్టే, బయటివి లోపలికి రావు. 'ఇంక్లూడ్స్' అంటే మామూలు అర్థం అలాగే ఉండి, రాసినవి అదనంగా కలుస్తాయి. 'మీన్స్ అండ్ ఇంక్లూడ్స్' అని రెండూ కలిసి వస్తే చాలామంది ఇది మరింత విశాలం అనుకుంటారు. అది పొరపాటు, సాధారణంగా అది మళ్లీ మూసిన తలుపే. సెక్షన్ 2 మొదటి వరుసలో 'సందర్భాన్ని బట్టి వేరే అర్థం అవసరమైతే తప్ప' అన్న ముక్క ఉంటుంది. దాన్ని వదిలేసి నిర్వచనాన్ని ప్రతి సెక్షన్‌లోనూ యాంత్రికంగా నింపకూడదు.

నిర్వచనం లేకపోతే జనరల్ క్లాజెస్ చట్టం తీయాలి. ఇక్కడొక గుంట ఉంది. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం కేంద్ర చట్టాలకి. రాష్ట్ర శాసనసభ చేసిన చట్టానికి రాష్ట్రపు జనరల్ క్లాజెస్ చట్టం చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో అది 1891 నాటిది. చాలా విషయాల్లో రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి తేడా తెలియకుండా గడిచిపోతుంది. సెక్షన్ నంబరు తప్పు రాశాక మాత్రం దొరికిపోతారు.

ఆ తర్వాత అదే మాట అదే చట్టంలో ఇంకెక్కడ వాడారో వెతకాలి. ఒకచోట 'రోజులు' అని, పక్క సెక్షన్‌లో 'నెల' అని రాశారంటే ఊరికే రాయలేదని మొదట అనుకోవాలి. ప్రొవిజో ఉంటే అది దేనికి మినహాయింపో చూస్తే అసలు సెక్షన్ ఎంతదాకా వెళుతుందో తెలుస్తుంది.

నాలుగోది, ఎక్కువమంది వదిలేసేది: ఆ సెక్షన్ పాత రూపం. రామావతార్ బుధాయిప్రసాద్ కేసులో (1961) తమలపాకులు 'కూరగాయలు' అవుతాయా అన్నది ప్రశ్న. అందరూ గుర్తుపెట్టుకునేది 'జనం వాడుకలో తమలపాకు కూర కాదు' అన్న మాట. తీర్పులో ఇంకో కాలు కూడా ఉంది. సెంట్రల్ ప్రావిన్సెస్ అండ్ బేరార్ అమ్మకం పన్ను చట్టం మినహాయింపుల షెడ్యూల్లో మొదట కూరగాయలు ఒక ఎంట్రీ, తమలపాకులు వేరే ఎంట్రీ. తర్వాత సవరణలో తమలపాకుల ఎంట్రీ తీసేశారు. రెండూ ఒకటే అయితే మొదట్లో విడిగా రాసే పనేముంది? మినహాయింపు కొనసాగించాలనుకుంటే తీసేయడం ఎందుకు? వృక్షశాస్త్రం అక్కర్లేకుండానే సవరణ చరిత్ర సగం జవాబు చెప్పేసింది.

ఇవన్నీ చూశాక కూడా అదే వాక్యానికి రెండు సమంజసమైన అర్థాలు మిగిలితేనే దాన్ని అస్పష్టత అనాలి. సెక్షన్ పొడుగ్గా ఉంది, చదవడం కష్టంగా ఉంది, ఫలితం మనకి నచ్చలేదు అన్నవి అస్పష్టత కిందికి రావు. అప్పుడే హేడన్స్ కేసు (1584) నాలుగు ప్రశ్నలు: చట్టం రాకముందు పరిస్థితి ఏమిటి, అందులో లోటు ఏమిటి, ఈ చట్టం ఇచ్చిన మందేమిటి, ఆ మందు ఎందుకు ఇచ్చారు. మన దగ్గర బెంగాల్ ఇమ్యూనిటీ కేసులో (1955) వీటిని రాజ్యాంగం 286వ అధికరణానికి వాడారు.

అటుకుల సంగతి పన్నులవాళ్లే బాగా చెబుతారు.

---

పన్నులపద్దు

పిలిచారు కాబట్టి చెప్తాను.

అటుకుల కేసునీ మైదా కేసునీ 'ధాన్యం రూపం మారితే అదే సరుకా కాదా' అన్న ఒకే ప్రశ్నగా చూస్తే ఎప్పటికీ కుదరవు. రెండు కేసుల్లో ఎంట్రీ వేరు, దాని వెనక ఉన్న పని వేరు.

అల్లాడి కేసులో ఎంట్రీ ఉత్త 'బియ్యం' కాదు. అప్పటికే పన్ను పడిన వడ్ల నుంచి వచ్చిన బియ్యానికి తక్కువ రేటు ఇచ్చే ఎంట్రీ అది. ఆ ఎంట్రీ ఉన్నదే ఒకే సరుకు మీద పన్ను మీద పన్ను పడకుండా చూడటానికి. అటుకులు, మరమరాలు తినడానికి సిద్ధంగా ఉన్న బియ్యపు రూపాలే, దాదాపు అదే సరుకుని రూపం మారినప్పుడల్లా మళ్లీ మళ్లీ పన్ను వేయాలని శాసనసభ అనుకుందని ఊహించడం సరికాదు అంది కోర్టు. రెండు అర్థాలు వస్తుంటే పన్ను కట్టేవాడికి అనుకూలమైనది తీసుకోవాలన్నది దాని మీద చేర్చిన మాట.

మైదా కేసులో చూడాల్సింది కేంద్ర అమ్మకం పన్ను చట్టం సెక్షన్ 14. అది 'డిక్లేర్డ్ గూడ్స్' జాబితా. ఆ జాబితాలోకి వస్తే రాష్ట్రాలు వేసే పన్నుకి పరిమితి ఉండేది. అక్కడ 'తృణధాన్యాలు' అని రాసి, 'అంటే' అని పెట్టి, కింద ఒక్కొక్కటీ పేరుపేరునా రాశారు: వరి, బియ్యం, గోధుమ, ఇలా. చట్టంలో అలా 'అంటే' అని రాస్తే ఉదాహరణలు చెప్తున్నట్టు కాదు, జాబితా అంతవరకే అని అర్థం. ప్యారేలాల్ మల్హోత్రా కేసులో (1976) ఇనుము, ఉక్కు విషయంలో ఈ మాట స్థిరపడింది. అదే జాబితాలో వరికి ఒక అంకె, బియ్యానికి ఇంకో అంకె ఇచ్చారు. వడ్లు, బియ్యాన్నే వేర్వేరు సరుకులుగా చూసే చట్టంలో గోధుమకీ మైదాకీ సంబంధం కలపడం కష్టం. పైగా బజారులో గోధుమలు అడిగితే మైదా ఇవ్వరు.

కాబట్టి పన్ను కేసులో జడ్జి అడగాల్సినవి ఇవి. ఆ సరుకు కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ దాన్ని ఏమంటారు? ఎంట్రీలో పదం ఒంటరిగా ఉందా, జాబితాలో ఉందా? జాబితా మూసినదా తెరిచినదా? ఈ ఎంట్రీ పన్ను వేసేదా, పన్ను తగ్గించేదా?

ఈ ఆఖరి ప్రశ్న 2018 నుంచి బాగా బరువెక్కింది. దిలీప్ కుమార్ అండ్ కంపెనీ కేసులో ఐదుగురు జడ్జిల ధర్మాసనం తీర్పు, రాసింది జస్టిస్ ఎన్.వి. రమణ. దిగుమతి చేసుకున్న విటమిన్ ఇ-50 పొడి 'రొయ్యల మేత' కిందికి వస్తే 5 శాతం సుంకం, రాకపోతే 30 శాతం. పన్ను వేసే సెక్షన్‌లో అనుమానం ఉంటే లాభం పన్ను కట్టేవాడిది. మినహాయింపు నోటిఫికేషన్‌లో అనుమానం ఉంటే లాభం ప్రభుత్వానిది, తనకి మినహాయింపు వర్తిస్తుందని చూపించే భారం అడిగేవాడిది. దీనికి విరుద్ధంగా ఉన్న 1997 నాటి సన్ ఎక్స్‌పోర్ట్ తీర్పు కొట్టేశారు.

అందువల్ల 'అనుమానం వస్తే అసెస్సీకే (పన్ను కట్టేవాడికే)' అని అల్లాడి కేసు పేరు మీద మెయిన్స్‌లో రాసేస్తే ఇవాళ సగం తప్పు. ఆ తీర్పు ఇప్పటికీ నిలబడేది దాని మొదటి కాలు మీదే, అంటే అటుకులు వాడుకలో బియ్యపు రూపమే అన్న దాని మీద. తక్కువ రేటు ఎంట్రీని 'మినహాయింపు'గా చూడాలా అన్నది వాదించదగిన విషయమే. నా ఉద్దేశంలో షెడ్యూల్లోనే ఉన్న రేటు వేరు, విడిగా ఇచ్చిన నోటిఫికేషన్ వేరు. ఒప్పుకోనివాళ్లూ ఉంటారు.

---

సివిల్‌సైడు

గడువుల ముక్క నేను తీసుకుంటాను.

'షల్' అని ఉంటే తప్పనిసరి, 'మే' అని ఉంటే ఐచ్ఛికం అన్నది పరీక్ష గైడ్లలో తప్ప ఎక్కడా నిలవదు. బాబూరామ్ ఉపాధ్యాయ కేసులో (1960) మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ కోకా సుబ్బారావు లెక్క ఇలా ఉంటుంది: 'షల్' అంటే పైకి చూడగానే తప్పనిసరే. ఆ తర్వాత చట్టం మొత్తం తీరు చూడాలి, అలా చదివితే ఏమవుతుంది, ఇలా చదివితే ఏమవుతుంది చూడాలి, పాటించకపోతే చట్టం ఏదైనా ఫలితం రాసిందా చూడాలి, పాటించనందువల్ల చట్టం ఉద్దేశం దెబ్బతింటుందా అల్పమైన లోపమేనా చూడాలి.

గడువు కేసుల్లో వీటిలో ఎక్కువ తేల్చేది ఫలితం. మూడు చట్టాలు పెట్టి చూడండి.

సీపీసీ ఆర్డర్ 8 రూల్ 1, 2002 సవరణ తర్వాత: 30 రోజులు, కారణాలు రాసి పొడిగిస్తే 90 రోజులు మించకుండా. 90 దాటాక ఏమవుతుందో ఆ రూల్ చెప్పదు. హక్కు పోతుందనీ లేదు, కోర్టు తీసుకోకూడదనీ లేదు. కైలాష్ వర్సెస్ నన్కూ (2005) ఈ ఖాళీని పట్టుకుంది. ప్రక్రియ న్యాయానికి పనిమనిషే తప్ప యజమాని కాదు, కాబట్టి ఇది నిర్దేశకం (తగిన కారణం ఉంటే కోర్టు సడలించగలిగేది) మాత్రమే అంది. అయితే అడిగినవాళ్లందరికీ ఇవ్వమని చెప్పలేదు. అసాధారణ పరిస్థితి ఉండాలి, కారణాలు రాయాలి, అవసరమైతే ఖర్చులు వేయాలి. కింది కోర్టుల్లో ఈ భాగాన్ని మర్చిపోయి 'కైలాష్ ఉంది కదా' అని ఒక్క లైను పిటిషన్ పెడతారు. అది కొట్టేస్తే తప్పు పట్టలేం.

కమర్షియల్ కోర్టుల చట్టం 2015 ద్వారా వాణిజ్య వివాదాలకి అదే ఆర్డర్ 8ని మార్చి రాశారు. సమన్లు అందిన 120 రోజుల తర్వాత ప్రతివాది రిటన్ స్టేట్‌మెంట్ వేసే హక్కు కోల్పోతాడు, కోర్టు దాన్ని రికార్డులోకి తీసుకోకూడదు. ఫలితం రాశారు, కోర్టు చేతులూ కట్టేశారు. జవాబు వేయకపోతే కోర్టు ఏం చేయాలో చెప్పే రూల్ 10కి కూడా ప్రొవిజో చేర్చి పక్కదారి మూశారు. అందుకే ఎస్‌సీజీ కాంట్రాక్ట్స్ వర్సెస్ చమంకర్ (2019) అది తప్పనిసరి అంది.

వినియోగదారుల చట్టం 1986 (2020 దాకా అమల్లో ఉన్నది) సెక్షన్ 13: 30 రోజులు, పైన 15 మించకుండా. జవాబు రాకపోతే ఫిర్యాదుదారు పెట్టిన సాక్ష్యం మీదే తేల్చాలని ఆ సెక్షనే చెప్పింది. ఫిర్యాదులు త్వరగా తేలాలన్నది ఆ చట్టం పుట్టుకలోనే ఉంది. హిల్లీ మల్టీపర్పస్ కోల్డ్ స్టోరేజ్ కేసులో (2020) ఐదుగురు జడ్జిలు 45 రోజులే అన్నారు. అయితే రోజులు ఉత్త నోటీసు అందిన నాటి నుంచి కాదు, ఫిర్యాదు ప్రతితో కలిపి నోటీసు అందిన నాటి నుంచి లెక్క. ప్రతి లేకుండా నోటీసు ఒక్కటే వస్తే గడియారం మొదలుకాదు. ఆచరణలో ఎక్కువ కేసులు గట్టెక్కేది ఈ రెండో ముక్క మీదే.

కాబట్టి భాష 'ఇంచుమించు ఒకటే' అన్నారు గానీ, ఆ ఇంచులోనే తేడా ఉంది. గడువు సెక్షన్ కనబడగానే మూడింటి కోసం వెతకండి: దాటితే ఏమవుతుందో రాశారా; 'ఆ తర్వాత కాదు' లాంటి మాట ఉందా; గడువు ఎవరి మీద ఉంది. ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 34లో (మధ్యవర్తి ఇచ్చిన అవార్డుని కొట్టేయమని కోర్టుని అడిగేది) 'ఆ తర్వాత కాదు' అన్న మాట వల్లే లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 (ఆలస్యాన్ని మన్నించేది) అక్కడ పనిచేయదని పాపులర్ కన్‌స్ట్రక్షన్ కేసులో (2001) తేల్చారు. ఇక గడువు కక్షిదారు మీద కాకుండా అధికారి మీదో కోర్టు మీదో ఉంటే సాధారణంగా నిర్దేశకంగానే చదువుతారు, ఎందుకంటే ఆఫీసు ఆలస్యం చేస్తే ఆ పాపం కక్షిదారు నెత్తిన పడకూడదు.

---

జేసీజే_అభ్యర్థి

చాలా స్పష్టమైంది, ధన్యవాదాలండీ. రెండు అనుమానాలు మిగిలాయి. ఒకటి, 'నెల లోగా' అన్నచోట మొదటి రోజు కలపాలా వద్దా? రెండు, చట్టం ఉద్దేశం చూడమంటారు కదా, ఆ పేరుతో జడ్జి లేని మాటలు కలిపేయకుండా ఆపేది ఏమిటి?

---

సివిల్‌సైడు

మొదటి దానికి క్లుప్తంగా. జనరల్ క్లాజెస్ చట్టం సెక్షన్ 9: 'ఫ్రమ్' అని ఉంటే మొదటి రోజు వదిలేయాలి. చెక్కు బౌన్స్ కేసుల్లో నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 142లో ఫిర్యాదుకి ఇచ్చిన ఒక నెల గడువు దగ్గర 'ఫ్రమ్' బదులు 'ఆఫ్' అని ఉండటంతో గొడవ వచ్చింది. సాకేత్ ఇండియా కేసులో (1999) నోటీసు అందాక డబ్బు కట్టడానికి ఉన్న 15 రోజుల గడువు 1995 అక్టోబరు 14తో ముగిసింది, 15న కాజ్ ఆఫ్ యాక్షన్ (ఫిర్యాదు వేసే కారణం) పుట్టింది. ఆ 15ని వదిలేసి లెక్కపెడితే నవంబరు 15న వేసిన ఫిర్యాదు గడువులోనే ఉంది. మధ్యలో వేరేగా చెప్పిన తీర్పు కూడా రావడంతో 2013లో ఈకాన్ ఆంత్రీ కేసులో ముగ్గురు జడ్జిలు సాకేత్ లెక్కే సరైనదన్నారు.

నెల అంటే 30 రోజులు కాదు, క్యాలెండరు నెల. హిమాచల్ టెక్నో ఇంజినీర్స్ (2010) చూడండి. నవంబరు 12న అవార్డు అందితే 90 రోజులు ఫిబ్రవరి 10తో అయిపోతాయి, మూడు నెలలు 12 దాకా ఉంటాయి. ఆ రెండు రోజుల మీద కేసులు పోతాయి, జాగ్రత్త.

---

మార్జినల్‌నోట్

రెండో ప్రశ్నే అసలు ప్రశ్న. దీనికి రెండు తీర్పులు ఎదురెదురుగా పెట్టి చదవాలి.

కె.పి. వర్గీస్ కేసు (1981). ఎర్నాకుళంలో 1958లో 16,500 రూపాయలకి కొన్న ఇల్లు, 1965లో అదే ధరకి కోడలికీ, ఐదుగురు పిల్లలకీ అమ్మారు. ఆ రోజు మార్కెట్ ధర 65,000 అని ఆదాయపు పన్ను అధికారి లెక్కగట్టి, 48,500 మూలధన లాభం అన్నారు. సెక్షన్ 52(2) అక్షరాలా చదివితే అధికారిదే రైటు: మార్కెట్ ధర, చెప్పిన ధర కంటే 15 శాతానికి తగ్గకుండా ఎక్కువ ఉంటే చాలు. కోర్టు అలా చదవలేదు. నిజాయితీగా ముందు ధర ఒప్పుకుని, రిజిస్ట్రేషన్ నాటికి రేట్లు పెరిగితే చేతికి రాని డబ్బు మీద పన్ను కట్టాల్సి వస్తుంది కదా అంది. ధర దాచినప్పుడే సెక్షన్ వర్తిస్తుంది, దాచారని చూపించే భారం శాఖదే అని తేల్చింది. ఇందుకు ఆధారాలు చూపింది: సెక్షన్ తెచ్చినప్పుడు ఆర్థికమంత్రి సభలో చెప్పిన కారణం, ఆ తర్వాత ప్రత్యక్ష పన్నుల బోర్డు ఇచ్చిన సర్క్యులరు, పక్కనున్న ఉపసెక్షన్.

పద్మసుందరరావు కేసు (2002). 1894 నాటి పాత భూసేకరణ చట్టం సెక్షన్ 6 కింద డిక్లరేషన్‌కి (భూమి ప్రజావసరానికి కావాలన్న ప్రకటనకి) గడువు ఉండేది. హైకోర్టు డిక్లరేషన్ కొట్టేస్తే మళ్లీ కొత్త గడువు మొదలవుతుందా? స్టే ఉన్న కాలాన్ని మినహాయించాలని ఎక్స్‌ప్లనేషన్‌లో రాశారు, కొట్టేసిన సందర్భం గురించి ఏమీ రాయలేదు. పాత తీర్పు ఒకటి కొత్త గడువు ఉంటుందంది. ఐదుగురు జడ్జిలు దాన్ని కొట్టేసి, శాసనసభ వదిలేసిన ఖాళీని మేం పూడ్చలేం అన్నారు.

తేడా ఎక్కడ? వర్గీస్‌లో సెక్షన్ పరిధిని తగ్గించారు, దానికి ఆ చట్టం చుట్టూనే ఆధారాలు దొరికాయి. పద్మసుందరరావులో అడిగింది ఒక కొత్త గడువుని పుట్టించమని. శాసనసభ ఒక సందర్భాన్ని (స్టే) ఆలోచించి రాసి, రెండోదాన్ని రాయలేదు. ఒకదాన్ని తలుచుకున్నవాళ్లు రెండోది మర్చిపోయారని కోర్టు అనుకోకూడదు. ఇంగ్లండులో లార్డ్ డెన్నింగ్ 1949లో, జడ్జి బట్ట మీది ముడతలు ఇస్త్రీ చేయొచ్చు గానీ నేతని మార్చకూడదన్నాడు. తర్వాత ఆయనే ఖాళీలు కూడా నింపబోతే, హౌస్ ఆఫ్ లార్డ్స్ అది శాసనసభ పనిని లాక్కోవడమేనని మందలించింది. తర్వాతి సంగతి రాయకుండా ముడతల మాట ఒక్కటే రాసేవాళ్లే ఎక్కువ.

జడ్జి చేతికి పగ్గం కావాలంటే ఇది అడగాలి: 'ఉద్దేశం' అంటున్నది ఎక్కడ దొరికింది? పీఠిక, లక్ష్యాల ప్రకటన, లా కమిషన్ నివేదిక, పాత చట్టం, సభలో బిల్లు తెచ్చిన మంత్రి మాట, పక్క సెక్షన్లు. ఇవేవీ చూపకుండా 'శాసనసభ ఇలా అనుకుని ఉంటుంది' అంటే అది జడ్జి ఉద్దేశమే. పీర్‌లెస్ కేసులో (1987) జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి, పాఠం నేత అయితే సందర్భం దానికి రంగు అన్న అర్థంలో చెప్పారు. రెండూ కావాలి. నేత లేని రంగు దేనికి అంటుతుంది?

క్రిమినల్ చట్టమైతే పగ్గం ఇంకా బిగుసుకుంటుంది. తోలారాం రేలుమల్ కేసులో (1954) బొంబాయి అద్దె చట్టం కింద లీజు 'ఇచ్చినందుకు' అదనపు డబ్బు తీసుకోవడం నేరం. కట్టబోయే భవనంలో లీజు ఇస్తానని ఒప్పందం రాసుకుని డబ్బు తీసుకుంటే? ఒప్పందం లీజు కాదు, రెండర్థాలు వస్తే నిందితుడిని వదిలే అర్థమే అన్నారు. డబ్బు తీసుకున్న మాట నిజమే, చట్టం ఉద్దేశమూ తెలిసిందే. అయినా మాట అందనిచోటికి శిక్షని లాగకూడదు.

ఎజుస్డెమ్ జెనెరిస్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి ఒక్క ముక్క. 'ఇతర' అన్న మాట కనబడగానే అది రాదు. ముందు పేర్లన్నిటికీ ఒక ఉమ్మడి జాతి ఉండాలి. సిద్ధేశ్వరి కాటన్ మిల్స్ కేసులో (1989) బ్లీచింగ్, మెర్సరైజింగ్, డైయింగ్, ప్రింటింగ్ వగైరా రాసి 'మరే ఇతర ప్రక్రియ' అన్నారు. ఆ పేర్లన్నీ బట్టలో నిలిచి ఉండే మార్పు తెచ్చేవి, కాబట్టి 'ఇతర' కూడా అలాంటిదే అయి ఉండాలన్నారు. జాతి దొరకని జాబితాకి ఈ సూత్రం పెడితే వాదన మొదటి ప్రశ్నకే కూలుతుంది.

---

పన్నులపద్దు

మార్జినల్‌నోట్ గారితో చాలావరకు ఏకీభవిస్తూనే ఒక అభ్యంతరం. ఆధారాలు చూపిస్తే జడ్జి ఇష్టం అదుపులో ఉంటుందన్నారు. అభిరాం సింగ్ కేసు (2017) చూడండి. ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 123(3)లో 'అతని మతం' అంటే ఎవరి మతం? అభ్యర్థిదేనా, ఓటరుది కూడానా? ఏడుగురు జడ్జిలు 4:3గా చీలిపోయారు. మెజారిటీ సవరణల చరిత్రనీ, ఎన్నికల్లో మతం ఉండకూడదన్న ఉద్దేశాన్నీ పట్టుకుని ఓటరు మతం కూడా అంది. మైనారిటీ కూడా చరిత్రనే చదివి, 'అతని' అన్న సర్వనామం అభ్యర్థినే చూపిస్తుందనీ, సామాజిక అన్యాయాల గురించి మాట్లాడే దారి మూయకూడదనీ అంది. ఒకే దస్తావేజుల కట్ట, రెండు ఉద్దేశాలు. ఆధారాలు తీర్పుని పరీక్షించడానికి వీలు కల్పిస్తాయి, అంతకుమించి హామీ ఇవ్వవు.

---

మార్జినల్‌నోట్

ఒప్పుకుంటాను. పరీక్షించడానికి వీలవడమే నేను అడిగేది కూడా. మెయిన్స్‌లో ఆ కేసు రాసేటప్పుడు మెజారిటీ ఒక్కటే రాయకండి, చీలిక ఏ మాట మీద వచ్చిందో రాయండి.

---

జేసీజే_అభ్యర్థి

ఆఖరి సందేహం. తెలుగు అనువాదాల్లో 'షల్'కి 'చేయవలెను', 'మే'కి 'చేయవచ్చును' అని ఉంటుంది. తెలుగులో 'వలెను' అంటే ఇక వేరే దారి లేనట్టే వినిపిస్తుంది. తెలుగు పాఠాన్ని పట్టుకుని అది తప్పనిసరి అని వాదించవచ్చా?

---

బేర్‌యాక్ట్

వాదన మొత్తం దాని మీద కట్టొద్దు. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం చట్టాల అధికారిక పాఠం ఇంగ్లీషుదే. రాష్ట్ర శాసనసభ తెలుగులో చట్టం చేసినా, గవర్నరు అధికారంతో గెజెట్‌లో వచ్చిన ఇంగ్లీషు అనువాదాన్నే అధికారిక పాఠంగా చూస్తారని 348(3). కేంద్ర చట్టాలకి ఒక చిన్న మెలిక ఉంది: 1973 నాటి ఆథరిటేటివ్ టెక్స్ట్స్ చట్టం కింద రాష్ట్రపతి అధికారంతో గెజెట్‌లో వచ్చిన తెలుగు అనువాదానికి ఆ భాషలో అధికారిక పాఠం హోదా ఉంది. బజారులో దొరికే తెలుగు బేర్ యాక్టులన్నిటికీ ఆ హోదా లేదు. అట్ట మీద కాకుండా లోపలి పేజీలో గెజెట్ ప్రచురణ వివరాలు ఉన్నాయేమో చూడండి.

హోదా ఉన్నదైనా, ఇంగ్లీషుతో తేడా వస్తే ఇంగ్లీషుదే పైచేయి. 'షల్'ని నిర్దేశకంగా చదివిన తీర్పు ఉన్నచోట తెలుగులో 'వలెను' అని ఉన్నా దాన్నీ అలాగే చదవాలి. సరుకుల పేర్ల దగ్గర మాత్రం తెలుగు మాట పనికొస్తుంది, కాకపోతే అనువాదంగా కాదు. ఆ సరుకుని బజారులో ఏమని అడుగుతారో చూపించే సాక్ష్యంగా. అటుకులు, మరమరాలు సుప్రీంకోర్టు తీర్పులోకి తెలుగు పేర్లతోనే వెళ్లాయి.